‘బిడెవిల్’ అంటే పీడించడమా, తికమక పెట్టడమా?

గ్రూప్స్‌కు చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “ఇంగ్లీషు పత్రిక సంపాదకీయంలో ‘ద ప్రాజెక్ట్ హాజ్ బీన్ బిడెవిల్డ్ బై డిలేస్ అండ్ లిటిగేషన్’ అనే వాక్యం చూశాను. డిక్షనరీ తీస్తే ఒక అర్థం పీడించు, ఇంకో అర్థం తికమక పెట్టు అని ఉంది. ఈ రెండిటికీ పొంతన ఏమిటి? ఎక్కడ ఏది తీసుకోవాలి? ఇంకో విషయం, మా అన్నయ్య తన ఆఫీసులో హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు రాస్తూ ‘మై మేనేజర్ ఈజ్ బిడెవిలింగ్ మీ’ అని రాశాడు. అలా రాయొచ్చా?”

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ సంపాదకీయ వాక్యానికి అర్థం “ఆ ప్రాజెక్టును ఆలస్యాలు, కోర్టు కేసులు పట్టి పీడిస్తున్నాయి” అని. మీ అన్నయ్యగారి వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ ఫిర్యాదులో మాత్రం అలా రాయకూడదు. దాని గురించి చివర్లో వివరంగా చెబుతాను, ఎందుకంటే అది పరీక్ష మార్కుల కంటే పెద్ద విషయం.

నేను చాలా ఏళ్లు వార్తాపత్రికలో అనువాదాలు చేశాను, ఇప్పుడు పోటీ పరీక్షల వాళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ క్రియ దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగిపోవడం గమనించాను. డిక్షనరీలో ‘టార్మెంట్’, ‘హ్యారస్’, ‘కన్ఫ్యూజ్’ అని వరసగా ఇస్తారు. చదివినవాళ్లు ఆ మూడూ దీనికి బదులు ఎక్కడైనా పెట్టేయొచ్చు అనుకుంటారు. అక్కడే చిక్కు వస్తుంది.

తెలుగులో ‘పీడించు’ వేరు, ‘పట్టి పీడించు’ వేరు. మనిషి మనిషిని పీడిస్తాడు. అదే ‘పట్టి పీడించేది’ ఏమిటో ఆలోచించండి: శని, దరిద్రం, కరువు, అప్పులు, నీటి ఎద్దడి. ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలనివి. బిడెవిల్‌లో ఉన్నది సరిగ్గా ఆ పట్టే. ఒక్కరోజు వచ్చి పోయే ఇబ్బందికి ఈ మాట వాడరు. ఇవాళ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుపోతే అది బిడెవిల్ కాదు. ఊరికి బైపాస్ వేస్తామని ఏళ్ల తరబడి చెబుతూ, భూసేకరణ దగ్గర ప్రతిసారీ ఆగిపోతుంటే ఆ బైపాస్ ‘బిడెవిల్డ్’.

మన పత్రికల భాష చూస్తే ఈ పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. ‘వరకట్న పిశాచి’, ‘కరువు రక్కసి’, ‘ర్యాగింగ్ భూతం’ అని మనం ఎప్పటినుంచో రాస్తున్నాం. నల్గొండ గురించి రాసిన ప్రతి విలేఖరీ ఎప్పుడో ఒకప్పుడు ‘ఫ్లోరైడ్ భూతం’ అని రాసే ఉంటాడు. సమస్యకు దయ్యం రూపం ఇవ్వడం ఇంగ్లీషువాళ్ల సొత్తేమీ కాదు. వాళ్లు ఆ దయ్యాన్ని క్రియలో పెట్టారు, మనం నామవాచకంలో పెట్టుకున్నాం. అందుకే అనువాదంలో బిడెవిల్ వచ్చినప్పుడల్లా దయ్యాన్ని కూడా తెలుగులోకి లాక్కురానక్కర్లేదు. ‘పట్టి పీడిస్తోంది’ అంటే ఆ భావం మొత్తం వచ్చేస్తుంది. కొన్నిచోట్ల ‘వెంటాడుతోంది’ అన్నా సరిపోతుంది.

మాట నిర్మాణం చూద్దాం. ‘డెవిల్’ ముందు ‘బి’ అనే ఉపసర్గ చేరింది. ‘బీ డెవిల్’ అని విడదీసి ‘దయ్యం అవ్వు’ అని అర్థం చెప్పుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పు. ఈ ‘బి’కి ‘ఉండు’ అనే క్రియతో సంబంధం లేదు. ఇది పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన ఉపసర్గ. నామవాచకానికి చేరి దాన్ని సకర్మక క్రియగా మారుస్తుంది, చాలాసార్లు ‘చుట్టూ’, ‘పూర్తిగా’ అనే ఛాయ ఇస్తుంది. ‘ఫ్రెండ్’ నుంచి ‘బిఫ్రెండ్’, ‘విచ్’ నుంచి ‘బివిచ్’, ‘సీజ్’ నుంచి ‘బిసీజ్’. మంత్రగత్తె చేసే పని బివిచ్, సైతాను చేసే పని బిడెవిల్. అక్షరాలా చూస్తే ఇది దయ్యం పట్టడం గురించిన మాటే. సైతానులాగా హింసించడం, సమస్యలు పట్టి పీడించడం అనే అర్థాలూ దీనికి ఉన్నాయి.

‘డెవిల్’ ఎక్కడిదంటే గ్రీకు ‘డయాబొలోస్’ నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. గ్రీకులో ఆ మాటకు అర్థం నింద మోపేవాడు, చాడీలు చెప్పేవాడు. తెలుగు బైబిల్ చదివినవారికి ఇది వెంటనే తడుతుంది. అందులో డయాబొలోస్ ఉన్న చోట ఎక్కువగా ‘అపవాది’ అని ఉంటుంది, అంటే అపవాదులు వేసేవాడు. సువార్తల్లో మనుషులకు పట్టేవాటికి మాత్రం వేరే గ్రీకు మాట ఉంటుంది, వాటిని తెలుగులో ‘దయ్యములు’ అన్నారు. ఈ తేడాను అంత జాగ్రత్తగా నిలబెట్టిన అనువాదకుల మీద నాకు చాలా గౌరవం. ఇంగ్లీషు క్రియ ఈ రెండిటినీ కలిపేసుకుంది: పేరు అపవాదిది, చేసే పని దయ్యానిది.

ఇక ‘తికమక పెట్టు’ అనే రెండో అర్థం. అందరూ తడబడేది ఇక్కడే.

కన్ఫ్యూజ్ అనగానే మనకు మనిషి గుర్తొస్తాడు. “నన్ను కన్ఫ్యూజ్ చేయకు” అంటాం. బిడెవిల్‌లోని తికమక ఎక్కువగా మనిషి బుర్రకు పట్టేది కాదు, వ్యవహారానికి పట్టేది. ‘ది ఇష్యూ ఈజ్ బిడెవిల్డ్ బై ప్రెజుడిస్’ అంటే ఆ అంశం ఎవరినో అయోమయంలో పడేసిందని కాదు. ముందే ఏర్పడిన దురభిప్రాయాలు ఆ అంశాన్ని ముడులు ముడులుగా చేసేశాయి, తేలాల్సింది తేలకుండా పోతోంది అని. తెలుగులో ‘జటిలం చేయు’, ‘చిక్కుముడి వేయు’ అనేవి దీనికి దగ్గరగా ఉంటాయి. అంటే పీడ, తికమక రెండూ నిజానికి ఒకే పని చేస్తున్నాయి, ముందుకు కదలనివ్వకపోవడం. ప్రాజెక్టును కదలనివ్వకపోతే పట్టి పీడిస్తోంది అంటాం, చర్చను కదలనివ్వకపోతే జటిలం చేస్తోంది అంటాం. క్రియ ఒక్కటే, కర్మను బట్టి తెలుగు మారుతుంది.

మీకు తెలిసిన విషయాలతోనే చూపిస్తాను. పోలవరానికి 1981లో అప్పటి ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య శంకుస్థాపన చేశారు. 2014 విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ఆ రెండిటి మధ్య కాలంలో, ఆ తర్వాతా దానికి ఎదురైనవన్నీ గుర్తు తెచ్చుకోండి: ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల అభ్యంతరాలు, నిర్వాసితుల పునరావాసం, పెరుగుతూ పోయిన అంచనా వ్యయం, వరదలకు దెబ్బతిన్న డయాఫ్రమ్ వాల్ (డ్యామ్ కింద నీరు ఊరకుండా భూమిలో కట్టే గోడ). ఒకటి తీరేలోపు ఇంకొకటి. ‘పోలవరం హాజ్ బీన్ బిడెవిల్డ్ బై డిలేస్, కాస్ట్ ఎస్కలేషన్ అండ్ రీహ్యాబిలిటేషన్ ఇష్యూస్’ అని ఇంగ్లీషు పత్రిక రాస్తే ప్రతి మాటా దాని చోట్లో సరిగ్గా కూర్చుంటుంది. తెలుగులో ఇది పట్టి పీడించడమే.

ఇప్పుడు కృష్ణా జలాలు తీసుకోండి. ఆ నీళ్లను రాష్ట్రాల మధ్య పంచడానికి బచావత్ ట్రిబ్యునల్‌ను 1969లో వేశారు. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని విభజన తర్వాత ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకున్నారు. ఆ లెక్క మీద వాదం ఇంకా నడుస్తూనే ఉంది. ‘ద షేరింగ్ ఆఫ్ కృష్ణా వాటర్స్ హాజ్ బిడెవిల్డ్ రిలేషన్స్ బిట్వీన్ ద టూ స్టేట్స్’ అంటే, నీళ్ల పంపకం రెండు రాష్ట్రాల సంబంధాలను జటిలం చేస్తూ వస్తోంది. ఇక్కడ ‘సంబంధాలను పట్టి పీడిస్తోంది’ అన్నా అర్థమవుతుంది కానీ తెలుగు చెవికి అంత ఇంపుగా ఉండదు. దేశాల మధ్య, రాష్ట్రాల మధ్య సంబంధాలు, చర్చలు, శాంతి ప్రయత్నాలు వచ్చినప్పుడు బిడెవిల్‌ను ఇలా రెండో ఛాయలో తీసుకోవడమే మంచిది.

పై వాక్యాల్లో ఇంకో రెండు సంగతులు గమనించారా? పీడించేది ఎక్కడా మనిషి కాదు, సమస్య. అలాగే కాలం ఎక్కువగా ‘హాజ్’, ‘హాజ్ బీన్’ రూపాల్లో ఉంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ వదలని బాధ కాబట్టి ఆ కాలం సహజంగా వస్తుంది. పోటీ పరీక్షల వ్యాసంలో ఈ మాట వాడాలనిపిస్తే ఈ రెండూ పాటించండి, వాక్యం దాదాపు తప్పదు. కర్మణి ప్రయోగంలో దీని తర్వాత ‘బై’ వస్తుంది, అప్పుడప్పుడు ‘విత్’ కూడా కనిపిస్తుంది కానీ మీరు ‘బై’ దగ్గరే ఉండండి. కర్మ లేకుండా ఈ క్రియ నిలబడదు. ‘ద ప్రాబ్లమ్ ఈజ్ బిడెవిలింగ్’ అని అక్కడితో ఆపేస్తే చదివేవాడు “ఎవరిని, దేన్ని?” అని చూస్తూ ఉంటాడు.

మనిషి కర్తగా అసలు రాకూడదా అంటే, వస్తాడు. పాత కథల్లో అల్లరి పిల్లలు అమ్మమ్మను బిడెవిల్ చేస్తారు, అంటే కాల్చుకు తింటారు. అందులో కోపం కంటే ముద్దు ఎక్కువ. ఇంకా చక్కగా వచ్చే చోటు క్రికెట్. 1971లో ఓవల్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో మన స్పిన్నర్ బి.ఎస్. చంద్రశేఖర్ 38 పరుగులిచ్చి 6 వికెట్లు తీస్తే ఇంగ్లండ్ 101కి కూలిపోయింది, ఆ దేశంలో మనకు తొలి సిరీస్ విజయం దక్కింది. లెగ్ స్పిన్నర్ అయి ఉండీ మీడియం పేస్ బౌలర్ వేగంతో గూగ్లీలు, టాప్ స్పిన్నర్లు వేస్తుంటే బంతి ఎటు తిరుగుతుందో బ్యాటర్‌కు తెలియదు, తెలియక ఆడితే వికెట్ పోతుంది. ‘చంద్రశేఖర్ బిడెవిల్డ్ ద బ్యాట్స్‌మెన్’ అని రాస్తే పీడించడం, తికమక పెట్టడం రెండూ ఒకే బంతిలో ఉంటాయి. డిక్షనరీ ఇచ్చిన రెండు అర్థాలూ విడివిడివి కావు అనడానికి నేను క్లాసులో ఎప్పుడూ ఇదే చెబుతాను. ముప్పుతిప్పలు పెట్టడం అంటాం చూడండి, ఇక్కడ సరిపోయే తెలుగు అదే.

దీనికి ఇరుగుపొరుగు మాటలు చాలా ఉన్నాయి. అన్నిటినీ ఇక్కడ చెప్పను, పరీక్షల్లో ఎదురయ్యేవి చూద్దాం. అన్నిటికంటే దగ్గరిది ‘ప్లేగ్’. పెద్ద తేడా ఏమీ లేదు, చాలా వాక్యాల్లో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టొచ్చు. కానీ వ్యాధి, పురుగు, కరువు లాంటివి వచ్చినప్పుడు ప్లేగ్ బాగా అతుకుతుంది. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ మీద తొలి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. ఆ జబ్బు గురించి రాయాల్సి వస్తే నేను ప్లేగ్ అనే వాడతాను. పాలన, చర్చలు, పథకాలు, కెరీర్ అయితే బిడెవిల్. ఫాస్ట్ బౌలర్ కెరీర్‌ను గాయాలు దెబ్బతీస్తూ ఉంటే రెండూ నడుస్తాయి, ‘డాగ్డ్ బై ఇంజరీస్’ అని కూడా అంటారు. ‘హాంట్’ వేరు. అది జ్ఞాపకం, అపరాధ భావం, చేసిన తప్పు వెంటాడటం. ‘బిసెట్’ అంటే నాలుగు వైపులా కష్టాలు ముట్టడించడం, దాన్ని దాదాపు ఎప్పుడూ ‘బిసెట్ బై’, ‘బిసెట్ విత్’ అనే వాడతారు.

‘వెక్స్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బిడెవిల్‌లోని రెండు ముఖాలూ దీనిలోనూ ఉన్నాయి. వెక్స్ అంటే చికాకు పెట్టడం, కానీ ‘వెక్స్‌డ్ క్వశ్చన్’ అంటే చికాకుపడిన ప్రశ్న కాదు, ఎంత వాదించినా తెగని చిక్కు ప్రశ్న. అంటే ఇక్కడా పీడ మనిషి నుంచి వ్యవహారానికి మారింది. కోర్టు భాషలో ‘వెక్సేషస్ లిటిగేషన్’ అంటారు, అవతలివాణ్ణి వేధించడానికే వేసే కేసులు. పనిగట్టుకుని సరైన ఆధారం లేకుండా కేసులు వేసే అలవాటున్న వ్యక్తిని, కోర్టు ముందస్తు అనుమతి లేకుండా కొత్త కేసు వేయకుండా ఆపడానికి 1949లో మద్రాసు రాష్ట్రం ఒక చట్టమే చేసింది. లా చదువుతున్నవాళ్లు చూసి తీరాల్సిన చట్టం అది.

తికమక వైపు ‘బివిల్డర్’, ‘బాఫుల్’, ‘పర్‌ప్లెక్స్’ ఉన్నాయి. ఇవన్నీ మనిషి బుర్రకు సంబంధించినవి. ‘ఐ వాజ్ బిడెవిల్డ్ బై ద క్వశ్చన్ పేపర్’ అని ఒక విద్యార్థి రాశాడు. ప్రశ్నపత్రం అర్థం కాలేదని చెప్పాలనుకుంటే అక్కడ ‘బివిల్డర్డ్’ కానీ ‘బాఫుల్డ్’ కానీ ఉండాలి. అలాగే ‘బిమ్యూజ్’ను ‘అమ్యూజ్’తో కలిపేయకండి. బిమ్యూజ్ అంటే నవ్వించడం కాదు, అయోమయంలో పడేయడం. బ్యాంకు పరీక్షల్లో దీన్ని పెట్టి పట్టుకోవడం పేపర్ సెట్ చేసేవారికి అలవాటు.

సినానిమ్స్ ప్రశ్నలో బిడెవిల్ ఇచ్చి నాలుగు ఆప్షన్లు పెడితే ముందు ‘ప్లేగ్’ ఉందేమో చూడండి. లేకపోతే ‘టార్మెంట్’. ఆ రెండూ లేనప్పుడే ‘కన్ఫ్యూజ్’ వైపు వెళ్లండి. వాక్యం కూడా ఇచ్చి అడిగితే కర్మ ఏమిటో చూసుకుని పైన చెప్పినట్టు నిర్ణయించుకోండి, ‘ఇష్యూ’, ‘డిబేట్’ లాంటి మాటలుంటే ‘కాంప్లికేట్’ కూడా జవాబు కావచ్చు.

పలకడం ‘బి-డెవ్-ల్’ అని, ఊనిక రెండో అక్షరం మీద. ‘బెడివిల్’ అనీ ‘బీడెవిల్’ అనీ వింటుంటాను, రెండూ కావు. స్పెల్లింగ్‌లో ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ చేర్చేటప్పుడు బ్రిటిష్ పద్ధతిలో రెండు ఎల్‌లు, అమెరికన్ పద్ధతిలో ఒక్క ఎల్. మన పత్రికలు, మన పరీక్షలు ఎక్కువగా బ్రిటిష్ పద్ధతిలోనే వెళతాయి కాబట్టి రెండు ఎల్‌లు రాయండి. నామవాచకం ‘బిడెవిల్‌మెంట్’, దాంతో మీకు పెద్దగా పని పడదు.

ఇప్పుడు మీ అన్నయ్యగారి ఉత్తరం.

‘మై మేనేజర్ ఈజ్ బిడెవిలింగ్ మీ’ అని చదివిన హెచ్‌ఆర్ అధికారికి ఏం అర్థమవుతుందో ఆలోచించండి. అల్లరి పిల్లల ఉదాహరణ చెప్పాను కదా, మనిషి కర్తగా ఉన్నప్పుడు ఈ మాటలో ఒక ఆటపట్టింపు ఛాయ ఉంటుంది. కాస్త కథల భాషలా వినిపిస్తుంది. ఏం జరిగిందో చెప్పదు. రాత్రి పదకొండింటికి ఫోన్లు చేస్తున్నాడా, నలుగురిలో తిడుతున్నాడా, సెలవు ఇవ్వడం లేదా, రాజీనామా చేయమని ఒత్తిడి పెడుతున్నాడా, ఏమీ తెలియదు. బాధ నిజమైనదైనా వాక్యం దాన్ని తేలిక చేసేస్తుంది.

అక్కడ రావాల్సిన మాట ‘హ్యారస్’. అది ఒక మనిషి ఇంకో మనిషిని కావాలని, మళ్లీ మళ్లీ వేధించడం. అది చట్టానికి తెలిసిన మాట. 1983లో ఐపీసీలో చేర్చిన 498ఏ సెక్షన్, కట్నం కోసం స్త్రీని వేధించడాన్ని క్రూరత్వంగా నిర్వచించేటప్పుడు వాడిన ఇంగ్లీషు మాట ‘హ్యారస్‌మెంట్’. ఐపీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ మాట అలాగే ఉంది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం పేరులోనే ‘సెక్సువల్ హ్యారస్‌మెంట్’ ఉంది. ఆఫీసుల్లో ఈ మాట చూడగానే తీసుకోవాల్సిన చర్యలు ఏమిటో కాగితం మీద రాసి ఉంటాయి. బిడెవిల్‌కు అలాంటి బలం ఏదీ లేదు.

హ్యారస్ అని రాసినంత మాత్రాన కూడా సరిపోదు. ఆ ఒక్క మాట వెనక జరిగినవి తేదీలతో రావాలి. మీ అన్నయ్యగారిని ఆ వాక్యం కొట్టేసి ఇలా మొదలుపెట్టమనండి: ‘ఐ యామ్ రైటింగ్ టు రిపోర్ట్ రిపీటెడ్ హ్యారస్‌మెంట్ బై మై రిపోర్టింగ్ మేనేజర్.’ ఆ కింద ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి ముందు, ఏమన్నాడో ఒక్కో సంఘటనకు ఒక్కో పేరా. మెయిల్స్, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే వాటి స్క్రీన్‌షాట్లు జత చేయాలి. విశేషణాలు తగ్గించి, జరిగింది జరిగినట్టు రాయాలి. ఉత్తరం పర్సనల్ మెయిల్‌కు కూడా ఒక కాపీ పంపుకోమనండి, ఆఫీసు మెయిల్ ఎప్పుడైనా మూసేయొచ్చు. రాసిన డ్రాఫ్ట్‌ను పేర్లు తీసేసి ఇక్కడ పెడితే భాష వరకు నేను చూసి పెడతాను.